‘ఐ యామ్ హావింగ్ ఎ బ్రదర్’: తప్పా, మన ఇంగ్లీషా?

పాలమూరు నాన్న:
మా బాబు పదో తరగతి. ‘ఐ యామ్ హావింగ్ ఎ బ్రదర్’ అని రాసినందుకు మార్కు కట్ చేశారు. ఆఫీసుల్లో పెద్దవాళ్లు కూడా ఇట్లనే మాట్లాడతారు. అందరికీ అర్థమైనప్పుడు తప్పెట్లా అవుతుంది?

నల్లగొండ ఇంగ్లీష్ టీచర్:
అన్నా, పరీక్షలో తప్పే. కానీ బాబును అనేముందు మేం నేర్పే తీరు చూడాలి. తెలుగులో ‘తున్నా’ వస్తే ఇంగ్లీష్‌లో ‘ఇంగ్’ పెట్టమని చిన్న క్లాసుల్లోనే చెప్పేస్తాం. ఆ లెక్క నిలవదు. ‘2019 నుంచి ఇక్కడే పనిచేస్తున్నా’ అన్నదాన్ని పిల్లలు ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’ అని రాస్తారు. అక్కడ ‘ఐ హావ్ బీన్ వర్కింగ్’ రావాలి.

అసలు తేడా పిల్లలకు ముందే తెలుసు. ‘మేం దేవరకొండలో ఉంటాం’ అంటే అదే మా ఊరు: ‘వి లివ్’. ‘మా బాబాయి పనికోసం పుణెలో ఉంటున్నాడు’ అంటే ఇప్పటికి అక్కడ, పని అయితే వచ్చేస్తాడు: ‘హి ఈజ్ లివింగ్’. వలసపోయినవాళ్లున్న పాలమూరు ఇళ్లలో దీన్ని విడిగా నేర్పక్కర్లేదు. కృష్ణ తూర్పుకు పారుతుంది, అది ‘ఫ్లోస్’. సాగర్ గేట్లెత్తినప్పుడు కట్టమీద నిలబడి చెబితే ‘ఈజ్ ఫ్లోయింగ్’. ఇక తమ్ముడు ఉండటం మొదలై, జరిగి, ముగిసే పని కాదు. అందుకే ‘ఐ హావ్ ఎ బ్రదర్’. నో (know, తెలిసి ఉండటం), వాంట్, బిలాంగ్ కూడా మామూలుగా అంతే.

వనపర్తి పాఠకురాలు:
సార్, మరి ‘ఐ యామ్ హావింగ్ లంచ్’ ఒప్పెట్లా? మెక్‌డొనాల్డ్స్ 2003 నుంచి ‘ఐయామ్ లవింగ్ ఇట్’ అని ప్రపంచమంతా ప్రచారం చేసుకుంది. వాళ్లు అంటే స్టైల్, మన పిల్లలు రాస్తే తప్పా? ఇన్ని కోట్లమంది మాట్లాడే ఇంగ్లీష్ మనది కాకుండా ఎట్లా పోతుంది? ఎర్ర పెన్ను చూసిన టెన్షన్‌కు పిల్లలు నోరే తెరవడం లేదు.

నల్లగొండ ఇంగ్లీష్ టీచర్:
లంచ్ దగ్గర ‘హావ్’ అంటే తినడం. కాసేపట్లో అయిపోయే పని కాబట్టి ఒప్పు. ప్రకటనలో అయితే తింటున్న ఆ క్షణం పట్టుకోవడానికి మాటను సాగదీశారు. మాట్లాడేటప్పుడు మధ్యలో ఆపి దిద్దొద్దన్నది నేనూ ఒప్పుకుంటానమ్మా. కానీ ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ హావింగ్ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’ అనగానే చిన్నచూపు చూసేవాళ్లున్నారు. అది అన్యాయమే. అయినా దెబ్బ తినేది మన పిల్లలు. అందుకే దిద్దుతాను.

పాలమూరు నాన్న:
మరి ‘ఐ యామ్ గోయింగ్ టు ట్యూషన్ డైలీ’?

నల్లగొండ ఇంగ్లీష్ టీచర్:
రోజూ పోయేదైతే ‘ఐ గో’. పరీక్షలని ఈ నెల మాత్రమే పోతుంటే ‘ఐ యామ్ గోయింగ్ టు ట్యూషన్ దిస్ మంత్’ అని నిక్షేపంగా రాయొచ్చు.

వనపర్తి పాఠకురాలు:
ఇప్పుడు చెప్పినట్టే పిల్లాడి నోట్‌బుక్‌లో పక్కన ఒక్క వాక్యం రాయండి సార్. మార్కు మాత్రం కోయకండి. ఆ మాట మీద నేను తగ్గను.