ట్రావెల్ ట్రైలర్ కుంగింది: కమాన్లు మార్చాలా, యాక్సిల్ కిందికి దించి బండి లేపాలా?

అనంతపురం బాటసారి

రెండేళ్ల కిందట బెంగళూరులో కారు వెనక తగిలించి లాగే, లోపల పడుకునే వీలున్న బండి, అదే ఒక ట్రావెల్ ట్రైలర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఒకే యాక్సిల్ (ఇరుసు), దాని మీద బరువు మోసే కమాన్‌కు (ఇనుప పట్టీల స్ప్రింగుకు) పక్కకు నాలుగు పట్టీలు. అమ్మానాన్నలను ఎక్కించుకుని లేపాక్షి, బెలుం గుహలు, గండికోట తిరుగుతుంటాం. ఈమధ్య ఊళ్లో స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే కింద గర్రుమని రాసుకుంటోంది. ఇద్దరు మేస్త్రీలను అడిగాను. ఒకాయన కమాన్లు మార్చమన్నాడు. రెండో ఆయన, "ఇప్పుడు యాక్సిల్ కమాన్ పైన ఉంది. దాన్ని కమాన్ కిందికి మారిస్తే బండి నాలుగు అంగుళాలు లేస్తుంది, పనైపోతుంది" అన్నాడు. ఏది మేలు?

జమ్మలమడుగు

లేపించెయ్ అన్నా. నాది లేపించి మూడేళ్లయింది. మా వైపు నల్లరేగడి, వాన పడితే రోడ్డు దిగగానే బండి కూరుకుపోతుంది. అంతకుముందు రెండుసార్లు డ్రెయిన్ పైపు ఊడిపోయింది, ఆ తర్వాత ఒక్కసారి కూడా లేదు. యాక్సిల్ గొట్టం మందం, కమాన్ కట్ట మందం కలిపితే ఎంతో సుమారుగా అంత లేస్తుంది. ఒక్కటి మాత్రం దగ్గరుండి చూసుకో. యాక్సిల్‌ను తలకిందులు చేయనివ్వద్దు. అది మధ్యలో కాస్త పైకి వంపు తిరిగి ఉంటుంది. తిప్పేస్తే చక్రాలు పైభాగంలో లోపలికి వాలి, టైర్ల లోపలి అంచు అరిగిపోతుంది. యాక్సిల్ అలాగే ఉంచి, కమాన్ కూర్చునే సీట్లు కొత్తవి పైవైపు వెల్డింగ్ చేయించాలి.

కర్నూలు కమాన్ షెడ్

నాన్న లారీల కమాన్ పని చేసేవారు, నేను ఆ షెడ్డులోనే పెరిగాను. లేపడం తప్పని నేను అనను. జబ్బు ఎక్కడుందో చూడకుండా లేపడం మాత్రం తప్పే.

ముందు రాసుకుంటున్నది ఏదో చూడండి. యాక్సిల్ గొట్టం నేలకు ఎంత ఎత్తులో ఉండాలన్నది టైరు సైజును బట్టి ఉంటుంది. కమాన్ పైన పెట్టినా కింద పెట్టినా ఆ ఎత్తు మారదు. లేచేది బాడీ, దానికి వేలాడే పైపులు, ట్యాంకు. గీతలు యాక్సిల్ మీదే ఉంటే ఈ వెల్డింగంతా దండగ.

తర్వాత యాక్సిల్‌కు సరిగ్గా పైన ఛాసిస్ అడుగు తడిమి చూడండి. రంగు పోయి ఇనుము తళతళలాడుతుంటే గుంతల్లో యాక్సిల్ వెళ్లి ఛాసిస్‌కు కొట్టుకుంటున్నట్టు లెక్క. అంటే కమాన్లలో బలం పోయింది. కమాన్ చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్ ప్లేట్ల బోల్టులు విప్పించండి. రంధ్రాలు గుండ్రంగా లేక కోడిగుడ్డులా సాగి ఉంటే ప్లేట్లూ, బోల్టు చుట్టూ ఉండే బుష్‌లూ మార్చాల్సిందే. ప్లాస్టిక్ బుష్ తొందరగా అరుగుతుంది. కంచు బుష్, గ్రీజు పెట్టే బోల్టు వేయించండి. యాక్సిల్‌ను కమాన్‌కు బిగించే పాత యూ బోల్టులు మళ్లీ బిగించొద్దు, ఒకసారి సాగినవి పట్టు నిలపవు.

చచ్చిన కమాన్ మీద బండి లేపితే ఎత్తు పెరుగుతుంది కానీ ఊగడం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. పైగా కారు హుక్కు పాత ఎత్తులోనే ఉంటే ట్రైలర్ ముక్కు కిందికి వాలుతుంది, దాన్నీ ఎత్తాలి. ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 1988లో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్పులు చేయకూడదని సెక్షన్ 52 చెబుతుంది. అదే కొలత కమాన్ వేయడం రిపేరు. యాక్సిల్ చోటు మార్చడం అలాంటిది కాదు, ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

జమ్మలమడుగు

బుష్‌ల మాట ఒప్పుకుంటాను. నేనూ అప్పుడే కొత్తవి వేయించాను, హుక్కూ ఎత్తించాను. కానీ కొత్త కమాన్ ఏం చేస్తుంది? కుంగిన మేరకు తిరిగి ఇస్తుంది, అంతే. బండి మొదటి నుంచీ తక్కువ ఎత్తుదైతే మా రేగడిలో అది చాలదు. హైవే మీదే తిరిగేవాళ్లకు మీ మాట సరిపోతుంది.

అనంతపురం బాటసారి

ఇద్దరికీ థ్యాంక్స్. ఆదివారం టార్చి పట్టుకుని కిందికి దూరాను. ఛాసిస్ అడుగున రెండు వైపులా అరచేయంత మేర ఇనుము మెరుస్తోంది. ఎడమ షాకిల్‌లో బుష్ అనేదే లేదు, బోల్టు సగం అరిగింది. గీతలన్నీ వెనక డ్రెయిన్ పైపు మీదే, యాక్సిల్ మీద ఒక్కటీ లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇప్పుడే మెట్టు మీద కాలు పెట్టడానికి నా భుజం పట్టుకుంటుంది, ఇంకో నాలుగు అంగుళాలంటే ఆమెకు కష్టం.

అదే కొలత కొత్త కమాన్లు, కంచు బుష్‌లు, కొత్త యూ బోల్టులు వేయించాను. పైపును పక్కకు తిప్పి పైకి కట్టించాను. వెనక బంపర్ దగ్గర రెండు అంగుళాలు లేచింది. గుత్తి దాకా వెళ్లొచ్చి యూ బోల్టులు మళ్లీ బిగించాం. ఎక్కడా రాసుకోలేదు.

జమ్మలమడుగు అన్నా, వానలు వెలిశాక గండికోట వస్తాం. మీ బండి పక్కనే నిలుపుతాను, ఆ రేగడిలోనే టేపు పెట్టి చూద్దాం. అక్కడ చాలకపోతే లేపే సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.