రెండేళ్ళ మూడు నెలల బాబు, పదే మాటలు. ఆగాలా, చూపించాలా?

బాబు తల్లి, కూకట్‌పల్లి:
మావాడికి రెండేళ్ళ మూడు నెలలు. అమ్మ, తాత, బువ్వ, టాటా, కారు... లెక్కపెడితే పదో పన్నెండో మాటలు. రెండు మాటలు కలిపి అనడు. ఏదన్నా కావాలంటే నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్తాడు. అత్తయ్యగారేమో "వీళ్ళ నాన్న కూడా మూడేళ్ళకిగానీ నోరు విప్పలేదు, ఇప్పుడు ఆపమన్నా ఆపడు" అంటారు. ఇంట్లో తెలుగు, పక్క ఫ్లాట్ పిల్లలతో హిందీ, ఫోన్‌లో ఇంగ్లీష్ రైమ్స్. మూడు భాషల వల్లేనా? ఇంకో ఆర్నెల్లు చూడొచ్చా? చెవులు బాగానే ఉన్నాయి, కుక్కర్ విజిల్ వేస్తే పరిగెత్తుకొస్తాడు.

ఇద్దరు పిల్లల అమ్మ, విజయనగరం:
చెల్లీ, ఆ కుక్కర్ విజిల్‌ని నమ్మే నేను ఏడాది పోగొట్టుకున్నాను. మా పాప కూడా విజిల్‌కి ఉలిక్కిపడేది. టీవీలో యాడ్ పాట వస్తే పక్కగదిలోంచి వచ్చేసేది. అనుమానం వచ్చి ఒకరోజు దాని వెనక నిలబడి, మామూలు గొంతుతో "చాక్లెట్ కావాలా?" అన్నాను. కదల్లేదు. ఎదురుగా వచ్చి అదే మాటంటే నా మూతి చూసి నవ్వింది. టెస్ట్ చేయిస్తే రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. నొప్పి లేదు, చీము లేదు, ఎలా తెలుస్తుంది? ఎప్పుడూ జలుబు చేసే పిల్లే. ముందు వినికిడి సంగతి తేల్చుకో.

నాయనమ్మ, తెనాలి:
వస పోశారా అమ్మా? మా ఇంట్లో అందరికీ కొమ్ము అరగదీసి నాలిక మీద రాశాం. అందరూ వసపిట్టలే.

స్పీచ్ థెరపిస్టు, గుంటూరు:
పెద్దమ్మగారూ, వస రాయించుకున్న పిల్లలూ మా దగ్గరికి వస్తూనే ఉన్నారండీ. మోతాదు తప్పితే వాంతులు పట్టుకుంటాయి, వద్దు.

బాబు తల్లిగారూ, రెండేళ్ళకి యాభై మాటల దాకా, "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి జంట మాటలు వస్తాయని చూస్తాం. కొందరు ఆలస్యంగా మొదలెట్టి వాళ్ళంతట వాళ్ళే అందుకుంటారు, మీవారిలాగా. కానీ ఎవరు అందుకుంటారో ముందే కచ్చితంగా చెప్పలేం. అందుకని ఆగొద్దు.

మాటల లెక్క కంటే ముందు నేను అడిగేవి వేరే. వేలెత్తి చూపిస్తాడా? కుక్క కనిపిస్తే దాన్ని చూసి, మీరూ చూశారా అన్నట్టు మీ మొహంకేసి తిరుగుతాడా? మీరు సైగ చెయ్యకుండా "చెప్పులు తీసుకురా" అంటే తెస్తాడా? ఇవన్నీ ఉంటే సగం బెంగ తగ్గించుకోవచ్చు. ఇవేవీ లేకుండా చెయ్యి పట్టి లాక్కెళ్ళడమే ఉంటే, పిల్లల డాక్టరుగారితో ఆటిజం గురించి కూడా మాట్లాడండి. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఏ వయసులోనైనా వెంటనే చూపించాలి.

భాషలది తప్పు కాదు. "నీళ్ళు" అనకుండా "పానీ" అన్నా అది మాటే, లెక్కలో వేసుకోండి. తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమనే సలహా ఎవరిచ్చినా వినకండి. ఫోన్ మాత్రం తగ్గించాలి. 2 నుంచి 4 ఏళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, ఎంత తక్కువైతే అంత మంచిదని కూడా. వాడు "తా" అంటే "తాత వచ్చాడా?" అని ఫోన్ తిరిగి అడగదు కదా.

బువ్వ పెట్టేటప్పుడు ముద్ద చేతిలోనే ఉంచి, మనసులో ఐదు లెక్కపెట్టి వాడి మొహంలోకి చూడండి. ఏ చప్పుడు చేసినా పెట్టెయ్యండి. "కారు" అంటే "కారు వెళ్ళిపోయింది" అని ఒక్క మాట కలపండి. చుట్టాల ముందు "చెప్పు నాన్నా, చెప్పు" అని పరీక్ష పెట్టకండి.

మీకు దగ్గర్లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, కేంద్ర ప్రభుత్వానిది. వినికిడి, స్పీచ్ రెండూ అక్కడే చూస్తారు. జిల్లాల్లో ఉన్నవాళ్ళు, 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద నడిచే డీఈఐసీ (ఎదుగుదలలో ఆలస్యమున్న పిల్లల్ని చూసే జిల్లా కేంద్రం) గురించి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. ప్రైవేటుగా వెళ్తే థెరపిస్టుకి ఆర్‌సీఐ అనే కేంద్ర సంస్థలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. అడిగితే మేమేం నొచ్చుకోం. బెరా అనే వినికిడి టెస్ట్ పిల్లాడు నిద్రలో ఉండగా చేస్తారు. ఆ రోజు తెల్లారగట్లే లేపేసి, దారిలో కునుకు తియ్యకుండా తీసుకెళ్ళండి. చెవిలో నీరుందేమో చూసే టెస్టూ అడగండి.

ఒక నాన్న, హన్మకొండ:
మధ్యలో నాదొకటి. మా పాపకి నాలుగున్నర. వాళ్ళక్కని "అత్తా" అని పిలుస్తది, కాకిని "తాతి" అంటది. నాలిక కింద కండ కోయిస్తే సరిపోతదని బంధువులు అంటున్నరు.

స్పీచ్ థెరపిస్టు, గుంటూరు:
అన్నా, "క" పలికేది నాలిక వెనక భాగం. ముందు కొస కింద కండ కోస్తే దానికేం లాభం? మూడేళ్ళకి చాలామంది అలాగే అంటారు. నాలుగు దాటినా పోలేదంటే ఒకసారి థెరపిస్టుకి చూపించండి, నేర్పితే వచ్చేదే. "ర" పలకకపోతే మాత్రం ఇంకొన్నాళ్ళు చూడొచ్చు.

బాబు తల్లి, కూకట్‌పల్లి:
అక్కా, వెనక నిలబడి పిలిచాను. మూడుసార్లకి ఒకసారి తిరిగాడు. అత్తయ్యగారు నమ్మలేదు, తనే వెళ్ళి నిలబడి పిలిచారు. ఆ తర్వాత ఏం మాట్లాడలేదు, ఫోన్ తెచ్చి "అపాయింట్‌మెంట్ తీసుకో" అన్నారు. గురువారం పొద్దున బెరా. ఐదింటికి వాణ్ణి ఎవరు లేపాలన్నదే ఇప్పుడు ఇంట్లో గొడవ.