ఆరోగ్యం మెరుగైంది, ‘జీవ వయసు’ మాత్రం పెరిగింది: క్రియాటినిన్ వల్లేనా?

నా వయసు 44. ఆరు నెలలుగా రోజూ నడక, వారానికి మూడుసార్లు బరువులతో వ్యాయామం, రాత్రి పదిన్నరకల్లా నిద్ర. విశ్రాంతిలో గుండె వేగం 74 నుంచి 62కి దిగింది, మధ్యాహ్నం కునుకుపాట్లు పోయాయి. అంతా బాగుందనుకుంటుండగా ఫీనోఏజ్ లెక్క ఎదురు తిరిగింది. 2018లో వచ్చిన ఈ పద్ధతి తొమ్మిది రక్తపరీక్షల ఫలితాలకు అసలు వయసును కలిపి జీవ వయసు, అంటే ఒంటి స్థితి ఏ వయసుకు తగ్గట్టుందో, చెబుతుంది. మొదట 42 వచ్చింది, ఇప్పుడు 45!

మారినవి ఇవి: ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్) సూచించే సీఆర్‌పీ 0.6 నుంచి 2.8 (లీటరుకు మి.గ్రా.), కండరాల నుంచి వచ్చి కిడ్నీలు వడపోసే వ్యర్థం క్రియాటినిన్ 0.9 నుంచి 1.1, పరగడుపు గ్లూకోజ్ 96 నుంచి 91 (ఈ రెండూ డెసిలీటరుకు మి.గ్రా.). మిగతా ఆరింటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

రక్తం ఇచ్చింది ఉదయం ఏడింటికి, పరగడుపునే. ముందురోజు సాయంత్రం బరువులెత్తాను కాబట్టి సీఆర్‌పీ అందుకే పెరిగిందేమోనని, మూడు రోజులు వ్యాయామం ఆపి అదే ల్యాబులో మళ్లీ చేయించాను. సీఆర్‌పీ 1.0కి దిగింది. క్రియాటినిన్ మాత్రం కదల్లేదు, లెక్క 44 దగ్గర ఆగింది. యూనిట్లు సరిచూశాను. జ్వరం, జలుబు లేవు. వ్యాయామం చేసేవాళ్లు తీసుకునే, క్రియాటినిన్‌ను పెంచగల క్రియాటిన్ పొడి వాడను. మూత్రంలో ప్రోటీన్ లేదు, కిడ్నీల గురించి దిగులు అక్కర్లేదన్నారు డాక్టరు. కండ పెరిగితే క్రియాటినిన్ పెరుగుతుందని తెలుసు, కానీ ఈ లెక్కకు కండ సంగతి తెలియదు కదా! కండ ప్రభావం అంతగా లేకుండా కిడ్నీల పనితీరు చెప్పే సిస్టాటిన్-సి పరీక్ష చేయించినా ఇందులో దానికి గడి లేదు.

కండ వల్ల పెరిగిన క్రియాటినిన్‌ను ఫీనోఏజ్ లెక్కలో సర్దుబాటు చేసే నమ్మదగిన పద్ధతి ఏదైనా ఉందా?