అప్‌డేట్: మట్టి లేని పాలకూరకు మళ్లీ తెల్లని వేర్లు వచ్చాయి

హైదరాబాద్‌లో మా డాబా మీద పీవీసీ గొట్టాల్లో హైడ్రోపోనిక్స్ పద్ధతిలో (మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీటిలో) వేసిన పాలకూర, పోషకాలు సరిగా ఇస్తున్నా, మధ్యాహ్నానికి వాడిపోతోందని, వేర్లు గోధుమరంగుకు తిరిగి జిగురు కడుతున్నాయని ఏప్రిల్‌లో అడిగాను. నీటి వేడిని కొలవమన్న సలహాయే అసలు కారణాన్ని పట్టించింది. గొట్టాలకు పోషక నీరు అందించే నల్ల డ్రమ్ము ఎండలో ఉండటంతో అందులో నీరు 34 డిగ్రీలు చూపింది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గి వేర్లకు ఊపిరాడదు, పిథియం వంటి కుళ్లు తెగుళ్లకు అదే అదను.

పాడైన మొక్కలు తీసేసి, గొట్టాలు కడిగి, డ్రమ్మును మెట్ల కింద నీడలోకి మార్చి, తడి గోనెపట్టా చుట్టి, అక్వేరియం ఎయిర్ పంపు పెట్టాను. ఇప్పుడు నీటి వేడి 28 డిగ్రీలు దాటడం లేదు. కొత్త మొక్క నాటిన పదో రోజున మొక్కను నిలిపే వలకప్పు (రంధ్రాల చిన్న కప్పు) ఎత్తి చూస్తే, తెల్లని వేర్లు నూలుపోగుల్లా వేలాడుతున్నాయి. ఎంత సంతోషించానో చెప్పలేను.

మా బోరునీటిలో బైకార్బనేట్లు (క్షారగుణం పెంచే లవణాలు) ఎక్కువ కాబట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దాటిపోయేది. చుక్కలుగా ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి 6 దగ్గర నిలుపుతున్నాను. నీరు తిరిగి వాడుకోవడం ఈ సాగులోని గొప్ప పొదుపే గాని, పంపు కరెంటునూ లెక్కలో వేయాలని నా అభిప్రాయం. మార్చిన పోషక ద్రావణాన్ని కాలువలో పోయకుండా, నీళ్లు కలిపి కరివేపాకు చెట్టుకు పోస్తున్నాను.