లైప్‌జిగ్‌లో కొత్త కాపురం: సంగీతం, శాకాహారం, ఆదివారాలు

ప్రశ్న (రాసినవారు: లైప్‌జిగ్ కొత్తవాసి)

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేనూ నా భార్యా నాలుగు నెలల క్రితం గుంటూరు నుంచి జర్మనీలోని లైప్‌జిగ్ వచ్చాము. పనికీ ఇంటికీ ఏ లోటూ లేదు. అయితే వారమంతా ఆఫీసుతోనే సరిపోతోంది, ఆదివారం వచ్చిందంటే దుకాణాలన్నీ మూసి ఉండి, వీధులు బోసిపోయి దిగులు పుట్టిస్తున్నాయి. నా భార్య చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంది. ఇది ప్రసిద్ధ స్వరకర్త బాఖ్ జీవించిన ఊరని విన్నాము గానీ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో మాకు ఓనమాలు కూడా తెలియవు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? మేమిద్దరం శాకాహారులం కావడంతో, ఇక్కడి భోజనమంటే మాంసమేనన్న భయంతో ఇంతవరకు ఒక్క జర్మన్ హోటల్లోనూ అడుగుపెట్టలేదు. చాలాకాలంగా ఇక్కడ ఉంటున్నవారు దారి చూపితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు 1 (రాసినవారు: శనివారపు శ్రోత)

మీరు సంగీతంతోనే మొదలుపెట్టండి, అందులోనూ సెయింట్ థామస్ చర్చితో మొదలుపెట్టండి. అక్కడ శుక్రవారం సాయంత్రం 6 గంటలకు, శనివారం మధ్యాహ్నం 3 గంటలకు ‘మోటెట్’ అనే సంగీత ప్రార్థన జరుగుతుంది. ద్వారం దగ్గర కొద్ది యూరోలకు అమ్మే కార్యక్రమ పత్రమే టికెట్టు. 1212 నుంచి కొనసాగుతున్న ఆ చర్చి బాలుర బృందం అక్కడ పాడుతుంది. బడి సెలవుల్లో మాత్రం వేరే బృందాలు వస్తాయి కనుక ముందుగా చూసుకుని వెళ్లండి.

బాఖ్ 1723లో ఈ చర్చి సంగీతాచార్యుడిగా వచ్చి, 1750లో కన్నుమూసేవరకు ఇక్కడే పనిచేశాడు. తొలి సంవత్సరాల్లో దాదాపు వారానికొక కాంటాటా (గొంతులు, వాద్యాలు కలిసి వినిపించే, పలు భాగాలున్న భక్తి కృతి) చొప్పున, ఆ ఆదివారం చదివే బైబిలు భాగానికి తగినట్టుగా రాసి, పిల్లలకు నేర్పించి పాడించాడు. ఆయన సమాధి కూడా ఆ చర్చిలోనే, బలిపీఠం ముందు నేలలో పొదిగిన కంచు ఫలకం కింద ఉంది. శనివారం చాలాసార్లు కాంటాటా ఉంటుంది కనుక మొదటిసారి ఆ రోజునే ఎంచుకోండి. పాడేవారు మనకు ఎదురుగా కాక వెనకవైపు, పైనున్న గ్యాలరీలో ఉంటారు. వెనుదిరిగి చూడాలని అనిపిస్తుంది, చూడకండి. కనబడేదేమీ లేకపోవడం వల్లనే స్వరం కప్పు మీద నుంచి మన తల మీదికి దిగుతున్నట్టు వినిపిస్తుంది.

మీ శ్రీమతిగారికి ఒక మాట. మన సంగీతంలో చెవి ఒకే రాగరేఖను పట్టుకుని దాని వెంట నడుస్తుంది, ఇక్కడ నాలుగు గొంతులు నాలుగు రేఖలుగా ఒకేసారి సాగుతాయి. అన్నింటినీ పట్టుకోవాలని ప్రయత్నిస్తే ఏదీ చేతికి చిక్కదు. మొదటిసారి అన్నిటికంటే కిందనున్న మంద్ర గొంతును మాత్రమే వదలకుండా వినమనండి. ఒక గొంతు ఎత్తుకున్న పల్లవిలాంటి చిన్న వాక్యాన్ని కాసేపటికి మరో గొంతు అందుకోవడం ఆమెకు నాకంటే త్వరగా తెలుస్తుంది. నాకు ఆ సంగతి తెలియడానికి ఏడాది పట్టింది.

ఈ ఊరి పేరుపొందిన వాద్యబృందం గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రా కచేరీకి రెండో నెలలో వెళ్లవచ్చు. 1743లో ఊరి వర్తకుల పూనికతో మొదలైన ఆ కచేరీలు తర్వాత ‘గెవాండ్‌హౌస్’ అనే బట్టల వ్యాపారుల భవనంలోకి మారడంతో ఆ పేరు స్థిరపడింది.

జవాబు 2 (రాసినవారు: వంటింటి పరిశోధకురాలు)

నేనూ శాకాహారినే, ఇక్కడ ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను. ముందు ఒక హెచ్చరిక చెప్పాలి. పప్పు సూపు, పుల్లటి క్యాబేజీ, వేయించిన బంగాళాదుంపలు చూడటానికి శాకాహారంలాగే ఉన్నా వాటిలో సన్నని పంది మాంసపు ముక్కలు వేయడం పరిపాటి. అందుకని ‘ఓనె ష్పెక్’, అంటే ఆ ముక్కలు లేకుండా, అని అడగడం అలవాటు చేసుకోండి. ఈ ఊరి పేరుతోనే ఉన్న ‘లైప్‌జిగర్ అల్లర్లై’ అనే కూరగాయల వంటకంలో కూడా సంప్రదాయం ప్రకారం ఏటి రొయ్యల వంటివి వేస్తారు కనుక దాన్ని కూడా అడిగే తినాలి.

ఇక నిశ్చింతగా తినగలిగినవి చెబుతాను. మన ఊరున్న సాక్సనీ రాష్ట్రం వారి ‘క్వార్క్‌కోయిల్షెన్’ కోసం ఉడికించిన బంగాళాదుంపను, నీరు వడకట్టిన మన గట్టి పెరుగులాంటి క్వార్క్‌ను కలిపి, చిన్న అట్లుగా నెయ్యిరంగు వచ్చేవరకు కాలుస్తారు. పిండిలో గుడ్డు ఉంటుంది, మీకు అభ్యంతరమైతే ముందే అడగండి. అంచు కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండే ఆ అట్టును యాపిల్ గుజ్జుతో తింటే, మొదటి ముద్దలోనే మా అమ్మమ్మ చేసిన బొబ్బట్టు గుర్తుకు వచ్చి నాకు కళ్లు చెమర్చాయి. పొట్టుతో ఉడికించిన బంగాళాదుంపలకు క్వార్క్, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పైన అవిసె నూనె కలిపి తినడం కూడా ఈ ప్రాంతపు మామూలు ఇంటి భోజనమే. బేకరీలో ‘లైప్‌జిగర్ లెర్షె’ అడగండి. ‘లెర్షె’ అంటే భరత పక్షి. పూర్వం ఆ పిట్టల మాంసంతో చేసిన వంటకానికి ఈ ఊరు ప్రసిద్ధి, 1876లో వాటి వేటను నిషేధించాక బాదం ముద్ద నింపిన ఈ తీపి పదార్థం ఆ పేరును నిలబెట్టింది. దాని మీద అడ్డంగా కనిపించే రెండు పిండి పట్టీలు, పిట్టను కట్టిన దారానికి గుర్తు.

జవాబు 3 (రాసినవారు: తోటలో ఆదివారం)

ఆదివారపు నిశ్శబ్దం నన్నూ మొదట బాధించింది. ఆ విశ్రాంతికి ఈ దేశ రాజ్యాంగమే రక్షణ ఇస్తుందని తెలిశాక, అది ఊరు మనల్ని దూరం పెట్టడం కాదని అర్థమైంది. జనం నిజానికి ఇళ్లలో ఉండరు. క్లారా జెట్‌కిన్ పార్కులోనూ, ఊరి మధ్య నుంచి సాగే నదీతీరపు అడవిలోనూ, తోటల్లోనూ ఉంటారు. ఊరంతటా పరుచుకున్న ఆ చిన్న చిన్న అద్దె తోటలను ‘ష్రేబర్’ తోటలంటారు. 19వ శతాబ్దంలో ఇదే ఊళ్లో పిల్లలు ఆడుకునే మైదానంగా మొదలై, దాని అంచున వేసిన పాదులే క్రమంగా కుటుంబాల తోటలయ్యాయి. తోట దొరకడానికి వరుసలో చాలాకాలం వేచి ఉండాలి కానీ, నడిచి చూడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కంచె దగ్గర ఆగి ‘ఈ మొక్క ఏమిటండీ?’ అని అడిగినందుకే మా పొరుగు పెద్దాయనతో నాకు పరిచయమైంది. ఆయన ఇచ్చిన రెండు గజాల నేలలో వేసవిలో కొత్తిమీర, మెంతికూర పండిస్తున్నాను.

మరొక సంగతి, స్వరకర్త మెండెల్సన్ చివరి రోజులు గడిపిన ఇల్లు ఇప్పుడు మ్యూజియంగా ఉంది, అక్కడ ఆదివారం 11 గంటలకు చిన్న కచేరీ జరుగుతుంది. మరుగున పడిన బాఖ్ మహాకృతిని 1829లో బెర్లిన్‌లో మళ్లీ వినిపించినది ఆయనే కనుక, శనివారం థామస్ చర్చికి వెళ్లినవారు మర్నాడు అక్కడికి తప్పక వెళ్లాలని నా కోరిక.

ప్రశ్న అడిగినవారి జవాబు

మీ ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న శనివారం చర్చికి వెళ్లాము. నా భార్య కళ్లు మూసుకుని మంద్ర గొంతు వెంటే నడిచింది. చివరన నాలుగు గొంతులూ కలిసి నెమ్మదిగా పాడిన స్తోత్రం వచ్చేసరికి నా చేయి పట్టుకుని, ‘ఇది నాకు వచ్చేస్తుంది’ అన్నది. ఇంటికి వచ్చే దారిలో ట్రాములో దాన్ని మెల్లగా స్వరాల్లో పాడుకుంటూనే ఉంది. వచ్చే ఆదివారం మెండెల్సన్ ఇంటికి రెండు టికెట్లు తీసుకున్నాము. తోటలో ఆదివారం గారూ, కచేరీ ముగిశాక మీ మెంతికూర చూడటానికి రావచ్చునా?