పెద్ద ప్రయాణికుల నౌకలో హైడ్రోజన్ ట్యాంకులకు చోటెక్కడ?

నమస్కారం. మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా నౌకల్లో హైడ్రోజన్ వాడకంపై నివేదిక రాస్తూ ఒకచోట ఆగిపోయాను. అనుభవజ్ఞుల సాయం కోరుతున్నాను.

నార్వేలో 2023 నుంచి ద్రవ హైడ్రోజన్‌ను వాడుతున్న హైడ్రా అనే ఫెర్రీ సుమారు 300 మందిని, 80 కార్లను చేరవేస్తుంది. దగ్గరి రేవుల మధ్య తిరిగేది కాబట్టి, దాని పైభాగాన అమర్చిన 80 ఘనపు మీటర్ల ట్యాంకు సరిపోతోంది. వేలమందితో రోజుల తరబడి సముద్రం మీద ఉండే నౌక సంగతి వేరు. కిలో లెక్కన హైడ్రోజన్‌లో డీజిల్‌కు దాదాపు మూడింతల శక్తి ఉన్నా, మైనస్ 253 డిగ్రీల వద్ద ద్రవంగా మార్చాక కూడా అదే శక్తికి నాలుగింతలకు పైగా చోటు కావాలి. ఇన్సులేషన్ మందం దీనికి అదనం. పైగా నౌక రేవులో ఆగినా ఏసీలు, వంటశాలలు, దీపాలు ఆగవు.

అందుకే, ప్రయాణానికి వేరే ఇంధనం ఉంచి, రేవులో ఉన్నంతసేపు మాత్రం ఫ్యూయల్ సెల్స్‌తో (హైడ్రోజన్‌ను మండించకుండానే దాని నుంచి విద్యుత్తు తీసే పరికరాలతో) విద్యుత్తు ఇచ్చే పద్ధతి మేలని నాకు అనిపిస్తోంది. రేవుల పక్కన నివసించేవారికి పొగ బెడద తగ్గడమే నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఈ ఆలోచన ఆచరణలో నిలుస్తుందా? ట్యాంకులో తనంతట తాను ఆవిరయ్యే హైడ్రోజన్‌ను రోజుకు ఎంతగా లెక్కగట్టాలి? గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఏ పాళ్లలో కలిసినా అంటుకునే ఈ వాయువు లీకైతే, ప్రయాణికుల గదులకు ముప్పు రాకుండా ట్యాంకును, గాలి గొట్టాలను ఎక్కడ అమర్చుతారు? నౌకా నిర్మాణంలోగాని, ఇంజిన్ గదిలోగాని పనిచేసినవారు దయచేసి వివరించగలరు.