ఎలక్ట్రీషియన్ పనికి ఐటీఐ మేలా, వృత్తి విద్యా ఇంటర్మీడియెట్ మేలా?

మా తమ్ముడు ఖమ్మం జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదో తరగతి పూర్తి చేశాడు. కొత్త ఇల్లు కడుతున్న చోట వైరింగ్ పనిని గంటల తరబడి శ్రద్ధగా గమనించే ఆ పిల్లవాడికి ఆ పనినే పద్ధతిగా నేర్పించాలని మా కోరిక. చేతిపనిని చిన్నచూపు చూసే బంధువుల మాటలను మేము లెక్కచేయడం లేదు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ 2 సంవత్సరాలు. వృత్తి విద్యా ఇంటర్మీడియెట్ కూడా అంతే, అయితే ఆ కోర్సు చదివినవారు తర్వాత ఇంజినీరింగ్ వైపు వెళ్లాలనుకుంటే బ్రిడ్జి కోర్సు (గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలలో అదనపు చదువు) పూర్తి చేయవలసి ఉంటుంది.

వర్క్‌షాపులో విద్యార్థి స్వయంగా పనిముట్లు పట్టి నేర్చుకునే అవకాశం ఈ రెండింటిలో దేనిలో ఎక్కువ? ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్ ఎంత సులభంగా దొరుకుతుంది? ఆ దారిలో నడిచినవారు, ముఖ్యంగా భవన నిర్మాణ రంగంలో పనిచేస్తున్నవారు, తమ అనుభవాన్ని దయచేసి వివరంగా తెలియజేయగలరు.